మైదానం చదివిన కొండ

'వనవాసి' పేరెత్తితే చాలు, తెలుగు పాఠకుల గొంతు మెత్తబడిపోతుంది. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 1930ల చివర్లో బెంగాలీలో రాసిన 'ఆరణ్యక్'‌కి సూరంపూడి సీతారాం చేసిన తెలుగు అది. వెన్నెల్లో గుర్రం మీద పోవడం, ఎక్కణ్నుంచో పూలమొక్కలు తెచ్చి అడవిలో నాటే యుగళప్రసాద్, రాజ్యం లేని రాజు, ఆయన ఇంటి పిల్ల భానుమతి. అడవి మీద ప్రేమ పుట్టించే పుస్తకమని దానికి పేరు స్థిరపడిపోయింది. మొదటిసారి చదివినప్పుడు నేనూ అదే అన్నాను.

రెండోసారి అరకులో కూర్చుని చదివాను. వలిసెలు పూసిన రోజులు. ఈసారి నా కళ్లు వెన్నెల మీద నిలవలేదు. కథ చెబుతున్న సత్యచరణ్ చేసే ఉద్యోగం ఏమిటి? జమీందారీ ఎస్టేటుకు మేనేజరు. అడవిని ముక్కలుగా కౌలుకిచ్చి, కొట్టించి, సాగులోకి తేవడమే అతని పని. రచయిత ఈ సంగతి దాచలేదు. ఆ అడవిని తన చేత్తోనే పోగొట్టానని సత్యచరణ్ అటవీదేవతలను క్షమాపణ కూడా అడుగుతాడు. అంతా పుస్తకంలోనే ఉంది, నేనే దాటేశాను. పోడు భూమికి పట్టా కోసం కాళ్లరిగేలా తిరిగిన మనిషి ఈ నవల పట్టుకుంటే ముందు ఆ మేనేజరు చేతిలో కాగితం కనబడుతుంది. వెన్నెల తరవాత.

ఇంతకీ ఈ రెంటిలో ఏది సరైన అభిప్రాయం? ఎవరి ఇష్టం వాళ్లది అనేస్తే మాట అక్కడే తెగిపోతుంది. 'నాకు నచ్చింది' అనేది పాఠకుడి గురించిన సమాచారం. 'ఇదిగో, ఈ పేజీలో ఇలా ఉంది' అనేది పుస్తకం గురించిన సమాచారం. అభిప్రాయంలో రెండూ కలిసే ఉంటాయి, మనం విడదీసి చూసుకోవాలి. వెన్నెల చూసినవాడికీ కాగితం చూసినవాడికీ ఇద్దరికీ పేజీల్లో సాక్ష్యం దొరుకుతుంది. కాబట్టి రెండూ నిలబడతాయి. పుస్తకంలో సాక్ష్యం దొరకని మూడో మాట ఎవరన్నా అంటే అది నిలబడదు, అన్నవాడు ఎంతటివాడైనా సరే. ఇక మిగిలిన ప్రశ్న ఒకటే: చదివేటప్పుడు వాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారు?

తూర్పు కనుమల కొండల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఈ కొండల గురించిన పుస్తకాల్లో ఎక్కువ భాగం కిందివాళ్లు కిందివాళ్ల కోసం రాసినవే. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల ఏడు సంపుటాలే తీసుకోండి. థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధికారి. మనుషుల ముక్కులు కొలిచి లెక్కలు వేసుకున్నాడు. సమాచారం కావలసినంత ఉంది, ఇప్పటికీ పరిశోధకులు తిరగేస్తారు. అయితే ముక్కు కొలిపించుకున్న గదబ మనిషి ఆ ఇంగ్లీషు సంపుటం గురించి ఏమనుకున్నాడో ఎక్కడా రికార్డు కాలేదు. ఆ పుస్తకం మీద మొదట అడగాల్సిన అభిప్రాయం అతనిదే కదా!

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది గోపీనాథ్ మహంతి నవలలు. ఒరియా నవలలు మనకెందుకు అనేవాళ్లకు ఒక చరిత్ర సంగతి. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా కోరాపుట్, జయపురం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే. పోర్జలు, గదబలు, కోందులు ఇవాళ్టికీ సరిహద్దుకు రెండు పక్కలా ఉన్నారు. గీత గీసింది వాళ్లు కాదు. కోందుల మీద మహంతి రాసిన 'అమృతర సంతాన'కు 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దాన్ని 'అమృత సంతానం'గా తెలుగులోకి తెచ్చిన పురిపండా అప్పలస్వామిది సాలూరు, విజయనగరం నుంచి కోరాపుట్ ఘాటీ ఎక్కేముందు వచ్చే ఊరు. కొండ కింద ఊరివాడు కొండ మీది కథను అనువదించాడన్నమాట.

అంతకుముందే, 1945లో, మహంతి 'పరజా' వచ్చింది. సుక్రు జాని అనే పేద పరజ రైతు, అతని పిల్లలు, షావుకారు అప్పు. ఆ అప్పు తీర్చడానికి తండ్రీకొడుకులు గోతీలుగా, అంటే వెట్టి మనుషులుగా మారతారు. భూమి పోతుంది, ఆడపిల్ల పోతుంది, చివరికి గొడ్డలి లేస్తుంది. రచయిత ఆ ప్రాంతంలోనే ప్రభుత్వాధికారి. 1950ల మొదట్లో అక్కడి భూస్వాములు, షావుకార్లు ఆయన మీద ప్రధాని నెహ్రూకు ఫిర్యాదు రాశారు. ఈ అధికారి ఎప్పుడూ కొండవాళ్ల పక్షమే, వాళ్లకోసమే పుట్టినట్టు నడుచుకుంటున్నాడని వాళ్ల బాధ. అది నవల మీద సమీక్ష కాదు, మనిషి మీద ఫిర్యాదు. అయినా ఢిల్లీ అకాడమీ ఇచ్చిన బహుమతి పక్కన ఈ అర్జీ పెట్టి చూడండి. రెండూ అభిప్రాయాలే. నా మటుకు, ఆ నవలల్లో షావుకారు ఎంత నిజమో చెప్పడానికి ఆ అర్జీయే పెద్ద సాక్ష్యం.

'అమృత సంతానం' సాగుతుందని చదివినవాళ్లు అంటారు. నిజమే, ఓర్పు కావాలి. పాటలు, పండగలు, వేట, మంచు, మళ్లీ పండగలు. కొన్నిచోట్ల నేనూ పేజీలు తిప్పేశాను. ఇక్కడ కూడా ఎవరికి సాగింది అని అడగాలి. చైత్రంలో ఇటుకల పండక్కి పనులన్నీ ఆపేసే ఊళ్లో పెరిగినవాళ్లకు ఆ పండగ పేజీలు కథకు అడ్డమా, అదే కథా? నా దగ్గర ఉన్నది విశాఖ బస్సు టైము లెక్కేసుకుంటూ చదివిన అభిప్రాయం మాత్రమే.

కథల పుస్తకాల సంగతి ఇలా ఉంటే, ఎవరూ అభిప్రాయం చెప్పని పుస్తకాలు కొన్ని ఉన్నాయి. గిడుగు రామమూర్తి అనగానే మనకు వాడుక భాష, ఆగస్టు 29. ఆయన పర్లాకిమిడిలో ఉండి దశాబ్దాలపాటు సవరలతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించారు. తెలుగు పాఠకుడు గిడుగును మెచ్చుకుంటాడు, ఈ పుస్తకాలు మాత్రం తెరవడు. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతపు కొండదొరల భాష మీద చేసిన పుస్తకం 1969లో హైదరాబాదు నుంచి వచ్చింది. పేరులోనే 'కొండ లేదా కూబి' అని ఉంటుంది. కొండ అన్నది మనం పెట్టిన పేరు, కూబి వాళ్లు చెప్పుకునే పేరు. వ్యాకరణంతోపాటు వాళ్ల నోట విన్న కథలూ, పదాల పట్టికా ఉన్నాయి. భాషాశాస్త్రం చదివినవాళ్లకు అది ద్రావిడ భాషల చరిత్రలో ఒక లంకె. కూబి మాట్లాడే ఇంట్లో మనవడు చదివి వినిపిస్తే ముసలమ్మకు అది తన చిన్నప్పటి మాట. ఇలాంటి పుస్తకానికి 'బాగుంది, బాగోలేదు' అనే తూకం పనికిరాదు. 'ఈ మాట ఇప్పుడు మేం అనం', 'దీన్ని తప్పుగా విన్నారు' అనేదే అసలైన సమీక్ష.

తప్పులు పట్టే ఈ చదువును మనం చిన్నచూపు చూస్తాం. నాకేమో అదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. కొండమనిషి అనగానే 'కోయదొర' అని రాసేసే అలవాటు మన కథలకూ సినిమాలకూ ఉంది. అరకు, పాడేరు పక్కన బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, నూకదొరలు, పోర్జలు, కోందులు అందరూ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోతారు. ఇది మా ఊరు కాదు అని ఒక్క పాఠకుడు అనగలిగితే పది పొగడ్తలకన్నా మేలు.

కొండల్లో మనుషుల బతుకును నేరుగా తాకిన రాత కోసం వెతికితే నాకు తోచేది నవల కాదు, చట్టం. 'వన్ ఆఫ్ సెవెంటీ', అంటే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనేది దాని సారం. దాన్ని ఎవరెలా చదివారన్నదే పెద్ద తగవు. ప్రభుత్వం గనుల లీజులివ్వడం వేరు అనుకుంది. బొర్రా దగ్గర లీజుల మీద 'సమత' సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులైలో సుప్రీంకోర్టు ప్రభుత్వానికీ ఆ నిషేధం వర్తిస్తుందని తేల్చింది. ఒకే పుస్తకం, రెండు రకాల చదువులు. వాటి మధ్య తేడా అనంతగిరి కొండంత.

ఇప్పుడు కొండ మీది నుంచే రాసేవాళ్లు వచ్చారు. పార్వతీపురం వైపు నుంచి మల్లిపురం జగదీశ్ రాసిన 'శిలకోల' కథలు చదివినప్పుడు నాకు మొదట తెలియని మాటలే అడ్డుపడ్డాయి. కింద అర్థాలివ్వచ్చు కదా అని విసుక్కున్నాను కూడా. తరవాత నవ్వొచ్చింది. విజయవాడ తెలుగులో అచ్చయిన వాచకాలు అడ్డాకులు కుట్టే ఇంటి పిల్లకు ఎన్నేళ్లు అలా అడ్డుపడ్డాయో!

2004లో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ వంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలోనే, చిన్న తరగతులకు వాచకాలు వేశారు. ఒక భాషకు ఒక పుస్తకం. కానీ కొండకీ కొండకీ మాట మారుతుంది. ఆ వాచకంలో బొమ్మ కింద పేరు చూసి, 'మా ఊళ్లో దీన్ని ఇలా అనం' అని రెండో తరగతి పిల్ల చెయ్యెత్తితే మాస్టారు ఏం చేయాలి? నన్నడిగితే, ఆ పిల్ల చెప్పిన పేరు అదే బొమ్మ కింద పెన్సిలుతో రాయించాలి.