కట్టు విప్పిన తరువాత: అపోహలు – వాస్తవాలు

ఆషాఢ బోనాలలో హైదరాబాద్‌లోని ఉప్పుగూడ మహంకాళి ఆలయానికి బోనమెత్తి వచ్చే స్త్రీలు చెప్పులు లేకుండా నడుస్తారు. మధుమేహం, అంటే వాడుకలో షుగరు, ఏళ్ల తరబడి ఉండి పాదాల నరాలు మొద్దుబారినవారికి గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు కనుక, అరికాలి పుండు చాలాసార్లు నేలపై నెత్తుటి మరక చూశాకే బయటపడుతుంది. ఇటువంటి పుండ్ల సంరక్షణలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు పని కట్టు మార్చడమేనన్న భావన నుంచే మిగిలిన అపోహలు చాలావరకు పుట్టాయి.

అపోహ: నొప్పి లేదు కాబట్టి పుండు చిన్నదే.

వాస్తవం: నొప్పి లేకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం. 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారైన నైలాన్ పోగును నర్సు అరికాలిపై పలుచోట్ల ఆనించి, కళ్లు మూసుకున్న రోగి స్పర్శ తెలిసిందన్న చోట్లను, చెప్పలేకపోయిన చోట్లను నమోదు చేస్తారు. ఆపైన మొద్దుకొన గల సన్నని సలాకతో పుండు లోతు చూస్తారు; అది ఎముకకు తగిలితే ఎముకకు చీముపట్టిందన్న అనుమానంతో రోగిని వెంటనే వైద్యుని వద్దకు పంపుతారు.

అపోహ: గాలి తగిలితేనే పుండు మానుతుంది.

వాస్తవం: చెక్కుకట్టిన పుండు మానినట్టు కనిపించడం వల్ల ఈ నమ్మకం బలపడింది. కప్పి తడి ఆరకుండా ఉంచిన గాయంపై కొత్తచర్మం, ఆరబెట్టిన గాయంపై కంటే త్వరగా పరచుకుంటుందని 1962లో జార్జ్ వింటర్ పందులపై ప్రయోగాలతో చూపాడు. అయితే తేమ వేరు, నానడం వేరు. పుండు అంచులు తెల్లబడి ముడతలు పడితే కట్టు రకం మార్చవలసి ఉంటుంది.

అపోహ: కాలు వాచింది కనుక కట్టు ఎంత బిగిస్తే అంత మేలు.

వాస్తవం: చెడురక్తం పైకి ఎక్కక ఏర్పడే సిరల పుండుకు ఒత్తిడి కట్టు మంచి చికిత్సే కాని, కాలి ధమనులు సన్నబడినవారికి అదే కట్టు కాలికి ముప్పు తేగలదు. అందుకే ముందుగా చీలమండ వద్ద రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూస్తారు.

అపోహ: నర్సు ఇలా పుండ్లను పరీక్షించడం వైద్యుల పనిలో చొరబాటు.

వాస్తవం: ఈ నర్సింగ్ విభాగానికి మూలాలలో ఒకటి అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఉంది. పొట్టపై రంధ్రం చేసి పేగును బయటకు తెచ్చే శస్త్రచికిత్స జరిగినవారి చర్మసంరక్షణకు 1958లో నార్మా గిల్‌ను నియమించినది రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జనే. ఆమె నర్సు కూడా కాదు, అదే శస్త్రచికిత్స చేయించుకున్న రోగి! హైదరాబాద్‌లో 2018 నుంచి వెలసిన బస్తీ దవాఖానాలలోనూ వైద్యునితోపాటు నర్సు ఉంటారు. అక్కడ ప్రత్యేక నిపుణులు లేకపోయినా, పుండుతో వచ్చినవారి చెప్పును తిరగేసి, లోపల చేయి పెట్టి, పొడుచుకువచ్చిన మేకు ఉందేమో తడిమి చూడడానికి అడ్డేమీ లేదు.