చిన్న గ్రంథం – పెద్ద నిర్మాణం

మనిషి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల జీవకణాలున్నవి. గుండె వేరు, కన్ను వేరు, మెదడు వేరు. అన్నిటికీ మూలం తల్లి కడుపున పడిన ఒకే ఒక్క కణం. అందులోని జన్యుగ్రంథానికి అక్షరాలు నాలుగే. ఆ నాలుగే మళ్లీ మళ్లీ వచ్చి సుమారు 300 కోట్లయినవి. ఇదేమంత పెద్దది కాదు. మన వంటింటి ఉల్లిపాయ గ్రంథం దీనికి అయిదింతలు! మాంసకృత్తులను తయారుచేసే జన్యువులు మనకు దాదాపు 20,000. వెయ్యి కణాలైనా లేని ఒక మట్టిపురుగుకూ ఇంచుమించు అన్నే. మరి ఈ కొద్దిపాటి సరుకుతో మనిషి ఎలా తయారవుతున్నాడు?

జన్యుగ్రంథం ఇంటి ప్లాను వంటిది కాదు, ముగ్గు వంటిది. ముగ్గు వేసే పిల్ల ప్రతి గీతనూ కంఠస్థం చేయదు. చుక్కలు పెట్టి, వాటిని చుట్టే పద్ధతి తెలిస్తే చాలు, వాకిలంతా నిండుతుంది.

2001లో గనులు మూతపడకముందు ఇక్కడ పనిచేసిన పెద్దలకు గంటల సంగతి జ్ఞాపకముంటుంది. ఇంజను నడిపేవాడికి లోపలి కేజ్ కనబడదు. ఎన్ని గంటలు మోగినవో విని పైకి లాగడమో, కిందికి దించడమో, ఆపడమో చేసేవాడు. కణాలూ అంతే. పక్క కణాలు పంపే రసాయనిక సంకేతాలను బట్టి కొన్ని జన్యువులను తెరుస్తవి, కొన్నిటిని మూస్తవి. గ్రంథం ఒకటే, కన్ను ఒక పుట చదివితే కాలేయం మరొక పుట చదువుతుంది. ఒకే జన్యువులోని ముక్కలను మార్చి కూర్చి పలురకాల మాంసకృత్తులను చేయడమూ కద్దు.

ఒక్క మీట ఎంత పని చేస్తుందో ఎడ్వర్డ్ లూయిస్ పండ్ల ఈగలలో చూపాడు. ఒక జన్యువు సరిగా పనిచేయకపోతే రెండు రెక్కల ఈగకు నాలుగు రెక్కలు వచ్చినవి! ఆయనకు 1995లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే సూత్రమెంత మంచిదైనా పిండి లేనిదే ముగ్గు పడదు. గర్భం నిలిచిన నాలుగు వారాలలోపలే శిశువు మెదడు, వెన్నుపాము కావలసిన పొర గొట్టంలా మూసుకోవాలి. తల్లికి ఫోలిక్ ఆమ్లం చాలకపోతే అది మూసుకోకపోయే ప్రమాదం హెచ్చు. అటువంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు ముందుగానే ఈ మాత్ర ఇస్తే, మళ్లీ అలా జరగడం నూటికి 70 పాళ్లకు పైగా తగ్గిందని 1991లో తేలింది. ఈ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

గర్భం సంగతి తెలిసేసరికే ఆ వారాలు గడచిపోవచ్చును. కనుక సంతానం కోరే కోడలికీ కూతురికీ ముందుగానే డాక్టరు నడిగి మాత్ర ఇప్పించండి. బిడ్డకు లోపముంటే "కోడలి వంశం" అని నిందించే నోళ్లకు ఇకనైనా తాళం వేయండి.