మూడు గంటల పరేడ్ ఎన్నింటికండీ?

పనిలోకి దిగి నాలుగు గంటలు కూడా కాలేదు. ఒంటి మీద చొక్కా తనది కాదు, సంస్థ ఇచ్చింది. బూట్లు కొత్తవి, మడమ దగ్గర అప్పుడే ఒరుసుకుంటున్నాయి. గుండె మీద బ్యాడ్జీ, దాని మీద పేరు, పేరు కింద సొంతూరు. ఆ కింద, ఇంకా శిక్షణలోనే ఉన్నానని చెప్పే చిన్న పట్టీ. అంతలో ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని, ఎండకు వాడిపోయిన ఓ తల్లి ఎదురుగా వచ్చి నిలబడి అడుగుతుంది: "మూడు గంటల పరేడ్ ఎన్నింటికండీ?"

నవ్వొస్తుంది. నవ్వకూడదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో దగ్గర ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో కొత్తవాళ్లకు చెప్పే ఉదాహరణల్లో బాగా పేరుపడ్డ ప్రశ్న ఇది. మూడంటే మూడేనని ఆవిడకూ తెలుసు. ఆవిడ అడుగుతున్నది వేరు. పరేడ్ మూడింటికి ఎక్కడో బయల్దేరుతుంది, మేం నిలబడ్డ ఈ చోటికి ఎప్పుడొస్తుంది? పిల్లలకు కనపడాలంటే ఎక్కడ కూర్చోవాలి? ఈలోపు బాత్రూముకు వెళ్లి రావచ్చా? ఇన్ని ప్రశ్నలు కలిపి ఒక్క ముక్కలో అడిగింది. విన్నది మాటల్ని కాదు, మనిషిని అయితే జవాబు దొరుకుతుంది.

కానీ అడిగింది ఎవర్ని? పొద్దున తన లాకరు ఎక్కడుందో వెతుక్కోవడానికే తంటాలు పడ్డ మనిషిని.

గుమ్మంలో నిలబడితే ఇంటివాడే

మన పెళ్లిళ్లలో ఇది చూస్తూనే ఉంటాం. పక్కింటి కుర్రాడు కొత్త చొక్కా వేసుకుని కల్యాణమండపం గుమ్మంలో నిలబడితే చాలు, వచ్చినవాళ్లంతా అతన్నే అడుగుతారు. "బాబూ, భోజనాలెటు?" "మగపెళ్లివారి విడిది ఎక్కడ?" అతను పెళ్లివారి తాలూకా అవునా కాదా అన్నది ఎవరికీ పట్టదు. ఓపిగ్గా చెబితే ఆ ఇంటికి మంచి పేరు, విసుక్కుంటే ఆ ఇంటికే మాట.

థీమ్ పార్కులో తొలి షిఫ్ట్ అచ్చం ఇలాంటిదే. కాకపోతే ఇల్లు మరీ పెద్దది. మనకు తెలిసిన రామోజీ ఫిల్మ్ సిటీ గిన్నిస్ లెక్క ప్రకారం 1,666 ఎకరాలు. డిస్నీ వరల్డ్ విస్తీర్ణం సుమారు 40 చదరపు మైళ్లు, అంటే పాతిక వేల ఎకరాల పైమాట. ఫిల్మ్ సిటీలు పదిహేను పక్కపక్కన పెట్టినట్టు. నాలుగు పెద్ద పార్కులు, రెండు నీళ్ల పార్కులు, పాతిక పైచిలుకు హోటళ్లు, వాటిని కలుపుతూ బస్సులు, పడవలు, మోనోరైలు. 70 వేల మందికి పైగా ఉద్యోగులు. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా అన్ని మూలలూ చూసి ఉండరు. ఒక హోటల్లో చెయ్యి తిరిగిన మనిషి అదనపు షిఫ్ట్ కోసం ఇంకో హోటల్‌కి వెళితే, ఆ పూటకు మళ్లీ కొత్త మనిషే. హాజరు వేసేదెక్కడ, తువ్వాళ్లు ఉండేదెక్కడ, బ్రేక్ గది ఎటు, అన్నీ మొదటినుంచి. అతిథికి మాత్రం ఇవేవీ కనపడవు. బ్యాడ్జీ ఉందంటే అన్నీ తెలిసినట్టే.

ఆ బ్యాడ్జీ మీద ఇంటిపేరు ఉండదు, హోదా ఉండదు. డిస్నీలో పై అధికారి నుంచి చెత్త ఊడ్చే మనిషి దాకా పిలుచుకునే పేరొక్కటే. అక్కడ ఉద్యోగిని 'కాస్ట్ మెంబర్' అంటారు, అంటే నటవర్గంలో ఒకరు. జనం ఉన్నచోటు రంగస్థలం, జనానికి కనపడనిది తెర వెనుక. వేసుకునేది యూనిఫాం కాదు, వేషం. సురభి నాటకాలు చూసి పెరిగినవాళ్లకు ఈ భాష వెంటనే అర్థమవుతుంది. తెర లేచిందంటే కడుపులో ఆకలి, కాళ్లలో నొప్పి పాత్రకు ఉండవు.

అందరికీ తొలిరోజైన ఆదివారం

ఈ శిక్షణ అంతా ఊరికే పుట్టలేదు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో మొట్టమొదటి డిస్నీల్యాండ్ తలుపులు తెరిచింది. ఏడాదిలో హడావుడిగా కట్టిన పార్కు. అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ జనం ముందు అది తొలిరోజే. ఆహ్వానం ఉన్నవారే రావాలి. కానీ దొంగ టికెట్లు పుట్టుకొచ్చాయి, లోపలికి 28 వేల మంది దాకా వచ్చారని అంచనా. మండే ఎండ. కొత్తగా పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ల ఎత్తు మడమల చెప్పులు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల మంచినీళ్ల పంపులా, మరుగుదొడ్లా అని తేల్చుకోవాల్సి వచ్చి, మరుగుదొడ్లకే ఓటేశారు. దాహంతో జనం మండిపడ్డారు. ఇదంతా ఏబీసీ టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారం. సంస్థవాళ్లే తర్వాత దాన్ని నల్ల ఆదివారం అని చెప్పుకున్నారు.

ఆ రోజు గేటు దగ్గరా, రైడ్ల దగ్గరా నిలబడ్డ కుర్రవాళ్ల మొహాలు నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. నీళ్లు లేకపోవడం వాళ్ల తప్పు కాదు. తారు వాళ్లు పోయలేదు. అయినా జవాబు చెప్పాల్సింది వాళ్లే.

వాళ్లకు శిక్షణ ఇచ్చినవాడు వాన్ ఆర్స్‌డేల్ ఫ్రాన్స్. అంతకుముందు కర్మాగారాల్లో కార్మికులకు శిక్షణ ఇచ్చిన మనిషి. మీ పని టికెట్లు చింపడమో, పడవ తోలడమో కాదు, మనుషులకు సంతోషం కలిగించడం అని ఆయన చెప్పాడు. ఆయన పునాది వేసిన శిక్షణే తర్వాత డిస్నీ యూనివర్సిటీగా పేరు తెచ్చుకుంది. అప్పట్లో ఆయనకు సహాయకుడిగా చేరిన డిక్ నునిస్ అనే కుర్రాడు క్రమంగా పార్కులన్నిటికీ పెద్ద అయ్యాడు. అదే 1955 వేసవిలో స్టీవ్ మార్టిన్ అనే పదేళ్ల పిల్లాడు అక్కడ గైడు పుస్తకాలు అమ్మాడు. పెద్దయ్యాక హాలీవుడ్‌లో హాస్యనటుడిగా స్థిరపడ్డాడు.

తగిలిన దెబ్బ వాళ్లు మరచిపోలేదు. 1971లో ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ తెరిచేటప్పుడు కావాలని అక్టోబరు 1ని ఎంచుకున్నారు. బడులు నడిచే కాలం, సెలవుల రద్దీ లేని రోజులు. మొదటి రోజు వచ్చింది సుమారు పది వేల మందే. పత్రికలు పెదవి విరిచాయి. కానీ కొత్తవాళ్లకు నేర్చుకునే వ్యవధి దొరికింది. పనివాళ్ల తొలిరోజు గురించి ఆలోచించి ప్రారంభోత్సవ తేదీ పెట్టడం, నా దృష్టిలో, ఆ సంస్థ చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

ఏది ముందు, ఏది తర్వాత

నాలుగు రోజుల్లో ఎవరూ పాతిక వేల ఎకరాలు నేర్చుకోలేరు. అందుకే అక్కడ ముందు నేర్పేది వరుస. భద్రత, తర్వాత మర్యాద, ఆ తర్వాత ప్రదర్శన, చివరికి సామర్థ్యం. 1960ల నుంచి ఉన్న వరుస ఇది. 2021లో మర్యాద తర్వాత 'అందరినీ కలుపుకోవడం' అన్న ఐదోదాన్ని చేర్చినట్టు ప్రకటించారు.

చూడటానికి గోడ మీద రాసే నినాదంలా ఉంటుంది. పనిలోకి దిగితే దాని విలువ తెలుస్తుంది. క్యూ చాంతాడంత ఉంది, లోపలినుంచి త్వరగా ఎక్కించమంటున్నారు. ఒక తాతయ్య చేతికర్రతో మెల్లగా పడవలోకి దిగుతున్నాడు. కొత్త మనిషి ఏం చేయాలి? ఎవర్నీ అడగక్కర్లేదు. సామర్థ్యం చివరిది, మర్యాద దానికంటే ముందుది. తాతయ్య నెమ్మదిగానే కూర్చుంటాడు. ఎంతో మర్యాదగా దారి చెబుతున్నప్పుడు ఓ పసివాడు పరేడ్ బండి వైపు పరుగెత్తాడు. వాక్యం మధ్యలోనే వదిలేసి పరుగెత్తాలి. భద్రత మర్యాద కంటే ముందుది. ఏం చేయాలన్నదే కాదు, దేన్ని వదిలెయ్యొచ్చో కూడా ఈ వరుస చెబుతుంది. పని తెలియనివాడికి అంతకంటే పెద్ద ఆసరా లేదు. మన దగ్గర బస్టాండులో, ఆసుపత్రిలో, బ్యాంకులో కొత్తగా కూర్చున్నవాళ్లు తడబడుతుంటే చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. వాళ్లకు నిబంధనల పుస్తకం ఇచ్చి ఉంటారు, వరుస చెప్పి ఉండరు.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. దారి చూపించేటప్పుడు ఒక్క వేలు చాపరు, రెండు వేళ్లు కలిపో, అరచెయ్యి తెరిచో చూపిస్తారు. మనిషి మీదికి వేలు చూపడం చాలా దేశాల్లో అమర్యాద, మన ఇళ్లలో పెద్దవాళ్లూ ఆ మాటే అనేవారు. "నాకు తెలీదు" అని వదిలెయ్యకూడదు. "కనుక్కుని చెబుతాను" అనాలి, అని కనుక్కోవాలి. తప్పిపోయిన పిల్లాడు ఏడుస్తూ దొరికితే వాడు తప్పిపోలేదు, అమ్మానాన్నలే తప్పిపోయారని చెప్పి ఊరడిస్తారు. ఆ ఒక్క మాటతో తప్పు పిల్లాడి నెత్తి మీంచి దిగిపోతుంది.

నేల కింద ఇంకో ఊరు

డిస్నీ వరల్డ్ నాలుగు పెద్ద పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కొత్తవాళ్లను అన్నిటికంటే తికమక పెట్టేవి సొరంగాలు. సొరంగాలని పేరే గానీ, అవి నేలమట్టం మీదే ఉన్నాయి. ఫ్లోరిడాలో కొంచెం తవ్వితే నీళ్లు పడతాయి. అందుకని ముందు నేల మీద దారులు కట్టి, పక్కన చెరువు తవ్విన మట్టిని వాటి చుట్టూ పోసి, పైన పార్కు కట్టారు. సందర్శకులు నడిచేది నిజానికి రెండో అంతస్తు. డిస్నీల్యాండ్‌లో కౌబాయ్ వేషంలో ఉన్న ఉద్యోగి భవిష్యత్ ప్రపంచంలా కట్టిన చోట నడుచుకుంటూ పోవడం సంస్థ స్థాపకుడు వాల్ట్ డిస్నీ కంటపడి ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. ఏ చోటి వేషం ఆ చోటే కనపడాలి. కింది గోడల మీద పైన ఏ ప్రాంతం ఉందో తెలిపే రంగులు, బోర్డులు ఉంటాయి. అయినా మొదటిరోజు దారి తప్పనివాళ్లు తక్కువ. తప్పు మెట్లెక్కితే తప్పు యుగంలో తేలతారు.

పైకొచ్చాక ఎండ. ఓర్లాండో వేసవి సంగతి విజయవాడ ఉక్కపోత తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బు కమ్ముతుంది, పిడుగులు మొదలవుతాయి. అమెరికాలో పిడుగుల రాష్ట్రంగా పేరుపడ్డది ఫ్లోరిడానే. ఆరుబయట రైడ్లు ఆపేస్తారు, ఈత కొలనులు ఖాళీ చేయిస్తారు. వేల మైళ్లు దాటి వచ్చి, గంటసేపు క్యూలో నిలబడ్డ కుటుంబానికి "ఇప్పుడు కుదరదు" అని చెప్పాల్సింది గేటు దగ్గరి ఆ కొత్త అమ్మాయే. ఆ కుటుంబం మనదే కావచ్చు. అట్లాంటా నుంచో, డల్లస్ నుంచో, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని ఓర్లాండో వెళ్లే తెలుగువాళ్లకు కొదవలేదు. ఆ క్షణంలో కోపం వస్తుంది. రావడం సహజమే. ఆ కోపం మబ్బు మీద చూపించలేం కాబట్టి బ్యాడ్జీ మీద చూపిస్తాం.

ఆ నవ్వుకు జీతం

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎనిమిది గంటలు నిలబడి నవ్వడం శ్రమ, బరువు మొయ్యడంలాగే శ్రమ. దానికి తగ్గ జీతం రావాలి. 2023లో డిస్నీ వరల్డ్‌లోని 45 వేల మందికి పైగా ఉద్యోగుల తరఫున ఆరు కార్మిక సంఘాల కూటమి బేరమాడి, కనీస వేతనం గంటకు 15 డాలర్ల నుంచి ఆ ఏడాది చివరికి 18 డాలర్లకు పెరిగేలా ఒప్పందం సాధించుకుంది. మన రూపాయల్లోకి మార్చి చూస్తే పెద్ద మొత్తంలా కనపడుతుంది. అక్కడి ఇంటి అద్దె ముందు పెడితే కాదు. డిస్నీ వరల్డ్‌కు తొలినాళ్లలో వాడుకున్న పేరు 'ఫ్లోరిడా ప్రాజెక్ట్'. 2017లో దర్శకుడు షాన్ బేకర్ అదే పేరుతో, ఆ పార్కుల దాపునే మోటెళ్లలో వారం వారం అద్దె కట్టుకుని బతికే కుటుంబాల మీద సినిమా తీశాడు. ఓర్లాండో వెళ్లే ముందు ఒకసారి చూడండి.

రాత్రి బాణసంచా అయిపోతుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని మెయిన్ స్ట్రీట్ నిండా నిద్రలోకి జారుతున్న పిల్లలు, వాళ్లను భుజాన వేసుకున్న తండ్రులు. కొత్త మనిషి ఒక పక్కన నిలబడి చెయ్యి ఊపుతూ వీడ్కోలు చెబుతుంటుంది. బూటులో మడమ ఎప్పుడో బొబ్బెక్కింది. జనం కదిలిపోయాక రాత్రి షిఫ్ట్ వాళ్లు దిగుతారు, తెల్లారేలోపు ఆ వీధంతా నీళ్లు కొట్టి కడుగుతారు. వాళ్లలోనూ ఆ రాత్రి ఎవరికో తొలి షిఫ్ట్.

మీరు వెళ్లినప్పుడు బ్యాడ్జీ మీద పేరు చదవండి, కింద శిక్షణ పట్టీ ఉంటే ఒక్క నిమిషం ఎక్కువ ఆగండి. బాగా చూసుకుంటే ఆ పేరు, చోటు, వేళ గుర్తుపెట్టుకుని, మెయిన్ స్ట్రీట్ మొదట్లోనే ఉన్న సిటీ హాల్‌లో చెప్పండి. వాళ్లు రాసుకుంటారు, ఆ మాట ఆ ఉద్యోగి పై అధికారికి చేరుతుంది. మన ఊళ్లో ఏ పార్కుకు వెళ్లినా అంతే, బయటికొచ్చే ముందు మేనేజరు కనపడితే ఆ పిల్ల పేరు చెప్పి రండి.