షోలాపూరు తెలుగు వాడలలో వంట, పోషకాహార తరగతులు

మహారాష్ట్రమునందలి షోలాపూరు నేతపనికి ప్రసిద్ధి కెక్కిన నగరము. 1877లో అచ్చట తొలి నూలుమిల్లు వెలసెను. తెలంగాణపు పల్లెలనుండి పద్మశాలీలు తరతరములుగా ఆ నగరమునకు వలస వచ్చి స్థిరపడిరి. పురుషులు మరమగ్గములపై దుప్పట్లు, తువాళ్లు నేయుచుండగా, స్త్రీలలో పెక్కుమంది ఇండ్లలో బీడీలు చుట్టి సంసారమును నిలబెట్టుచున్నారు. ఇట్టి కుటుంబములకై సంఘములు వంట, పోషకాహార తరగతులు నడపదలచినచో, అవి ఏ రీతిని సాగిన ఫలించునో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో బాధపడుచున్నారు. అయిదేండ్లలోపు పిల్లలలో ఈ సంఖ్య నూటికి 67. దీనికి పేదరికము ముఖ్యకారణమే. అయినను ఉన్న డబ్బును దేనిపై వెచ్చింతురు, కొన్నదానిని ఎట్లు వండుదురు అనునవియు లెక్కింపదగిన విషయములే. 2013 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద అర్హతగల కుటుంబములందు ప్రాధాన్యశ్రేణివారికి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము లభించును. 2023 జనవరి నుండి ఇది ఉచితమైనది. చట్టము హామీ ఇచ్చినది ధాన్యము మాత్రమే. పప్పు, ఆకుకూరలు, నూనెగింజలు అంగడిలో కొనవలసినవే. ధాన్యమున మిగిలిన డబ్బు వీనివైపు మరలునట్లు చేయుటయే తరగతికి ప్రధానలక్ష్యము కావలెను.

మొదట ఆలోచింపవలసినది వేళ. బీడీకూలి వేయింటి లెక్కన వచ్చును గనుక, తరగతిలో గడచిన ప్రతి గంటయు ఆ స్త్రీకి కూలినష్టమే. చుట్టిన బీడీలు అప్పగించి వచ్చిన పిమ్మట, వారమునకొక్కసారి, గంటన్నరకు మించకుండ, వాడలోని దేవాలయ ప్రాంగణముననో సంఘభవనముననో తరగతి జరుగుట మేలు. పదునైదుగురికి మించిన అందరి చేతను వండించుట కష్టము. సరకులు తెచ్చువారు, వంట నిర్ణయించువారు అత్తలే అయిన యిండ్లు గలవు గనుక అత్తాకోడండ్రను కలిపి పిలువవలెను. పొగాకు అంటిన చేతులను సబ్బుతో కడుగుకొని గాని అన్నపుగిన్నె ముట్టరాదనునది తొలి పాఠము.

రెండవది, వారెరిగిన తిండినుండియే పాఠము మొదలిడుట. షోలాపూరు సీమ జొన్నకు పేరు పొందినది. తెలంగాణము నుండి వచ్చినవారికి జొన్నరొట్టె క్రొత్త కాదు. జొన్నయే ముఖ్యాహారముగా గల పేదలలో పెల్లాగ్రా వ్యాధి కనబడుటను గూర్చి హైదరాబాదునందలి పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ప్రకటించిరి. అంతమాత్రమున జొన్నను మానవలసిన పనిలేదు. దానికి తోడు చేర్చవలెను. జొన్నలో కొరవడిన లైసిను పప్పులో సమృద్ధిగా నున్నది. రొట్టెతో గట్టిపప్పు, పల్లీల పొడి, ఒక ఆకుకూర చేరినచో పూట భోజనము చాలవరకు సమగ్రమగును.

మూడవది, వండు తీరు. బియ్యమును పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోసినచో బి విటమినులు నీటితో పోవును. ఆకుకూరను తరిగిన తరువాత గాక ముందే కడిగి, కొద్ది నీటితో మూతపెట్టి ఉడికింపవలెను. పప్పుకూరపై నిమ్మరసము పిండుకొన్నచో అందలి ఇనుము ఒంటికి బాగుగా పట్టును. అన్నము తినగనే టీ త్రాగినచో ఆ మేలు తగ్గును. ఇనుపమాత్రలు వాడవలసినవారికి ఆహారము వానికి బదులు కాదనియు స్పష్టముగా చెప్పవలెను.

పిల్లలకొరకు హైదరాబాదు మిశ్రమమును చేయించి చూపుట ఉచితము. గోధుమలు 40, శెనగపప్పు 16, పల్లీలు 10 గ్రాములు వేయించి పొడిచేసి, 20 గ్రాముల బెల్లము కలిపినచో ఇంచుమించు 330 కెలోరీల శక్తియు, 11 గ్రాముల మాంసకృత్తులును లభించును. ఇందలి వస్తువులన్నియు వాడలోని కిరాణాదుకాణమున దొరకునవే.

భాషావిషయము మరువరాదు. పాఠము ఇంటి తెలుగులోనే సాగవలెను. కాని మరాఠీ బడులలో చదివిన యువతులు తెలుగు మాటలాడినను చదువలేకపోవచ్చును. కనుక కొలతల పట్టికను రెండు లిపులలోను వ్రాసియిచ్చుట యుక్తము. గ్రాములకు ప్రక్కనే గ్లాసు, గరిటె, గుప్పెడు లెక్కలును ఉండవలెను. వంటింట తరాజు ఉండదు గదా!

ప్రతి తరగతి చివర ఆనాటి వంటకు మనిషికెంత ఖర్చయినదో అందరి యెదుట లెక్క కట్టవలెను. రెండు నెలల పిదప నిర్వాహకులు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ వారము ఇంట పప్పు ఎన్ని పూటలు వండిరి, ఆకుకూర ఎన్ని పూటలు వండిరి? హాజరుపట్టీ నిండుట కంటె ఆ సంఖ్య పెరుగుటయే తరగతి ఫలించినదనుటకు నిదర్శనము.