పదుగురి చేతి పటముల పుస్తకము

సంక్రాంతి సమీపించినదనిన కరీంనగరు ప్రాంతపు ఇండ్లలో సకినాల సందడి మొదలగును. కొత్తబియ్యపు పిండిలో నువ్వులును వామును కలిపి, పఱచిన గుడ్డ చుట్టును ఇరుగుపొరుగు స్త్రీలు కూర్చుండి చుట్లు చుట్టుదురు. నేడొకరి యింట, రేపు మఱియొకరి యింట. చుట్టు తిరుగని కొత్తకోడలికి ప్రక్కనున్న పెద్దావిడ చేయి పట్టి నేర్పును. ఉప్పెంత, వామెంత యని యడిగిన దాచువారు లేరు. నేర్చిన పిల్ల తన యింట పాళ్లు కొంచెము మార్చి చేసికొన్నను తప్పు పట్టువారు లేరు. ఇట్టి మర్యాదయే కంప్యూటరు లోకమునందును గలదనిన మన సోదరీమణులలో కొందఱకు వింతగా దోచవచ్చును.

కంప్యూటరునకును చేతిఫోనునకును పని చెప్పు సూచనల కూర్పునకు సాఫ్టువేరని పేరు. వానిలో కొన్ని అంగడి మిఠాయివంటివి. కొని తినవచ్చునే కాని, ఎట్లు చేసిరో తెలియదు. మార్చుట కధికారము లేదు. స్వేచ్ఛా సాఫ్టువేరనియు, ఓపెన్ సోర్సు సాఫ్టువేరనియు చెప్పబడునది మన సకినాలవంటిది. దాని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును. దానిని ఏ పనికైనను వాడుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును, బాగుచేయవచ్చును, బాగుచేసినదానిని మరల పంచవచ్చును. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనునతడు 1983లో గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును వెలువరించెను. నేడు మన యిండ్లలోని ఆండ్రాయిడు ఫోనులకు పునాదిగా నున్నది ఆ లినక్సే. మన తెలుగువారిలో స్వేచ్ఛ అను సంస్థ హైదరాబాదు కేంద్రముగా 2005 నుండి ఈ విషయమై పాటుపడుచున్నది.

అయినను, దినదినము దీనిని వాడుచున్న యిల్లాండ్రకే దీని పేరు తెలియదు. ఉపన్యాసములచే తెలియదు, కరపత్రములను చదువువారు తక్కువ. బొమ్మనైనచో పసిపిల్ల మొదలు పండుముసలి వఱకు ఒకసారి చూడక విడువరు. కావున స్త్రీలు పదుగురు కలిసి, ఈ సాఫ్టువేరు మన జీవితములలో ఎక్కడెక్కడ నున్నదో చూపు ఛాయాపటముల పుస్తకమొకటి కూర్చిన బాగుండునని మాకు తోచినది. అందుకు కొండగట్టు తగిన చోటని మా యభిప్రాయము. 2016 వఱకు కరీంనగరు జిల్లాలో నుండి, నేడు జగిత్యాల జిల్లాలో జేరిన ఈ క్షేత్రమునకు కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలన్నిటినుండియు జనులు వత్తురు. చైత్ర పూర్ణిమనాడు చిన్నజయంతికిని, వైశాఖ బహుళ దశమినాడు పెద్దజయంతికిని ఆంజనేయస్వామి దీక్ష పూనినవారితో కొండయంతయు కాషాయమయమగును. ఊరూర తిరుగ నక్కఱలేక, ఊరులే ఇచ్చటికి వచ్చును.

ఇట్టి పనికి మనకు పూర్వోదాహరణము లేకపోలేదు. తెలంగాణమున తెలుగు కవులే లేరని యొకరు వ్రాయగా, సురవరము ప్రతాపరెడ్డిగారు వట్టి వాదమునకు దిగక, 354 మంది కవుల వివరములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. లేరన్నవారికి ఉన్నవారిని చూపుటయే సమాధానము. ఈ సాఫ్టువేరు పట్టణపు చదువరులదే కాని పల్లె స్త్రీలకు దీనితో పనియేమి యని యడుగువారికిని మన సమాధానమట్టిదే కావలెను. మఱియొక ముచ్చట వినుడు. ఆ ప్రతాపరెడ్డిగారి జ్ఞాపకార్థము సురవరము అను పేర నేడొక తెలుగు అక్షరరూపము గలదు. దానిని ఎవరైనను వెల లేక వాడుకొనవచ్చును, ముద్రింపవచ్చును. మన పుస్తకమునకు శీర్షికలు ఆ యక్షరములతో కూర్చిన ఎంత యందము!

ఇక నే పటములు తీయవలెను? కంప్యూటరు పెట్టెల బొమ్మలు వలదు. వానిని చూచి యెవరి మనస్సును కరగదు. మనుష్యులను చూపవలెను. ఈ ప్రాంతమునుండి ఎందఱో పురుషులు గల్ఫు దేశములకు పనికి పోయియున్నారు. ఇంట నున్న యిల్లాలు కూతురి పెండ్లి వీడియోను కంప్యూటరులో మరల మరల చూచుచుండును. దానిని చూపుచున్నది నారింజరంగు శంకువు గుర్తు గల వీఎల్‌సీ అను స్వేచ్ఛా సాఫ్టువేరని ఆమె యెఱుగదు. పారిసు నగరపు విద్యార్థులు దానిని 1996లో మొదలిడిరి. సంఘపు లెక్కలను లిబ్రే ఆఫీసులో వ్రాయు గణకురాలు ఒక పుటకెక్కవలెను. తన యూరిని గూర్చి తెలుగు వికీపీడియాలో వ్రాయు పిల్ల యొక పుటకెక్కవలెను. 2003 డిసెంబరు 10న పుట్టిన ఆ విజ్ఞానసర్వస్వము జీతము లేని రచయితల చేతులమీదుగానే పెరిగి లక్ష వ్యాసములను దాటినది. అది నిలిచియున్న సాఫ్టువేరును అందఱిదే.

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమునందలి గుంజాలకును ఒక పుట యీయక తప్పదు. ఆ గోండు పల్లెలో దొరకిన వ్రాతప్రతుల వలన గోండీ భాషకు సొంత లిపి యున్నదని లోకమునకు తెలిసినది. 2018 జూనులో ఆ లిపి యూనికోడులో, అనగా కంప్యూటరులన్నియు నంగీకరించు అక్షరముల పట్టికలో, చేరినది. దానికి నోటో అను వెల లేని అక్షరరూపమును గలదు. కొద్దిమంది చదువు లిపికి అక్షరములు పోతపోయించిన లాభమేమి యని వర్తకుడు తలచును. అందఱి సొత్తుగా చేయువారికి ఆ లెక్క యడ్డురాదు. తాత లిపిని తెరపై చదువుకొను మనుమరాలి పటము నూఱు ఉపన్యాసములకు సాటియగును.

ఇంతవఱకు పని సుఖముగనే నడచును. ఇచట నొక చిక్కు గలదు. దానిని దాటిపోవుట న్యాయము కాదు. స్వేచ్ఛను బోధించు పుస్తకములోని పటములును స్వేచ్ఛగా నుండవలెను గదా. అందుకై క్రియేటివ్ కామన్స్ అను అనుమతి పత్రములు 2002 నుండి వాడుకలో నున్నవి. తీసినవారి పేరు చెప్పి, అదే షరతుతో ఎవరైనను ఆ పటమును వాడుకొనవచ్చునని వానిలో నొకదాని యర్థము. ఈ అనుమతి నొకసారి యిచ్చినచో, దాని ననుసరించి వాడుకొన్నవారినుండి మరల లాగికొన వీలులేదు. కొండయో, కోనేరో, సకినాల పళ్లెమో యైన చింత లేదు. ముఖమైనచో? పటము తీసినవారు సంతకము చేసిరి. ముఖము ఎవరిదో ఆమె చేయలేదు. స్వామి దర్శనమై సంతోషముతో నవ్విన స్త్రీ ముఖము ఎక్కడనో యే ప్రకటనలోనో కనబడిన, ఆమె యింట ఎట్టి మాటలు పుట్టునో మనకు తెలియనిది కాదు. దూరదేశమున నున్న భర్త చేతిఫోనులో దానిని చూచి యేమి తలచునో ఎవరెఱుగుదురు?

మా నిశ్చయమిది. ప్రతి స్త్రీని విడిగా నడుగవలెను. అత్తగారు సరే యన్నంత మాత్రమున కోడలు ఒప్పుకొన్నట్లు కాదు. బాలికలైనచో తల్లిదండ్రుల అనుమతియు, పిల్ల యిష్టమును రెండును కావలెను. అనుమతి కాగితమును చేతికిచ్చి వ్రేలిముద్ర వేయించుకొనుట కాదు. ఆమె భాషలో చెప్పవలెను. “అవ్వా, నీ ఫోటో ఈ పుస్తకంల మాత్రం ఎయ్యాల్నా, అందరికి పంచాల్నా? పంచినంక మల్ల వాపసు తీసుకొనరాదు. వద్దంటే అసలే ఎయ్యం” అని చెప్పి, ఆమె బదులు పలుకు వఱకు నిరీక్షింపవలెను. ఆ బదులును బట్టి పటములను రెండు కట్టలు చేయవలెను: అందఱికిని పంచునవి, ఈ పుస్తకమునకు మాత్రమే చెందునవి. ఏది యే కట్టలోనిదో ప్రతి పటము క్రిందను అచ్చువేయవలెను. ముఖము వలదన్నవారి పని చేయు చేతులను మాత్రము తీయవచ్చును. బీడీ చుట్టు వ్రేళ్లు, కలము పట్టిన వ్రేళ్లు ముఖముకన్న తక్కువ మాటాడవు.

స్వేచ్ఛా సాఫ్టువేరును పొగడు పుస్తకములో మూతబెట్టిన పటములా యని కొందఱాక్షేపింతురు. సకినాల పాళ్లను మనము ఇష్టపడి చెప్పుదుము. వంటయింటిలో చొచ్చి ఎవరును పట్టుకొనిపోలేదు. ఇచ్చువారి యిష్టము లేనిచోట పంపకము లేదు, దోపిడి కలదు. 1892లో రాజా దీన్‌దయాళు హైదరాబాదులో ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగ నొక ఛాయాపట మందిరమును తెఱచి, అచట ఒక ఆంగ్లవనితచేతనే పటములు తీయించెను. కాలము మాఱినను అందలి నీతి మాఱలేదు. స్త్రీల పటములను తీయు చేయియు స్త్రీలదైన, అడుగుటయు సులభము, కాదనుటయు సులభము.

ఇక పని తీరు. పటములను సందేశముగ పంపిన వాట్సాపులో అవి చిన్నవై, అచ్చులో మసకబాఱును. కావున మూలప్రతినే తీసికొనవలెను, లేదా డాక్యుమెంటుగ పంపుమనవలెను. అంగుళమునకు 300 చుక్కలు సామాన్య ప్రమాణము. ఆఱంగుళముల వెడల్పు పటమునకు 1800 చుక్కలుండవలెను. వెలుతురు సరిచేయుటకు గింపు, పుటలు కూర్చుటకు స్క్రైబసు అను స్వేచ్ఛా సాఫ్టువేరులు గలవు. స్క్రైబసు పాత కూర్పులలో తెలుగు ఒత్తులు చెదరుచుండెడివి. 2024లో వెలువడిన 1.6 కూర్పు వాడిన ఆ బాధ తీరును. పుటల సంఖ్య 16 చొప్పున పెరుగునట్లు చూచుకొన్న కాగితము వృథా కాదు. 64 పుటలు చాలును. తెరపైని రంగులు అచ్చులో కొంచెము కుందును గనుక మొదట నొక్క నమూనా ప్రతి వేయించి చూడవలెను. సాఫ్టువేరునకు వెల లేదు గాని కాగితమునకును సిరాకును గలదు. ఆ ఖర్చును ముందుగ లెక్కవేసి, నలుగురును పంచుకొని భరింపవలెను. లేనిచో ప్రారంభించిన పుస్తకము పెట్టెలోనే యుండిపోవును.

చివరి పుటలో ఈ పుస్తకము దేనితో చేయబడినదో, ఎవరెవరు చేసిరో, మఱియొక యూరివారు దీనిని మార్చి తమదిగా చేసికొనుట ఎట్లో వ్రాయవలెను. నిర్మలు స్త్రీలు తమ కొయ్యబొమ్మల పటములను చేర్చి వేఱొక కూర్పు చేసికొన్న మనకు నష్టమేమి? ఒక యింటి పాళ్లు మఱియొక యింట రుచి మాఱి వెలసినట్లగును.

సోదరీమణులారా! యంత్రములను గూర్చిన మాటలన్నియు మగవారివేయని యూరకుండుట ఇక తగదు. దాచక నేర్పుట, అడిగి తీసికొనుట, కలిసి చేయుట మన వంటయింటి విద్యలే. రాబోవు జయంతికి కొండగట్టు మెట్లెక్కునప్పుడు, మీ చేతిఫోనుతో ఒక పటము తీయుడు. తీయుటకు ముందు ఎదుటనున్న తల్లిని ఒక్క మాట యడుగుడు. ఆ మాటయే మన పుస్తకమునకు మొదటి పుట.