సమ్మర్ క్యాంప్: 49 రోజుల సెలవులు.. దమ్మపేట పిల్లలకు ఊళ్లోనే వర్క్‌షాప్! తాటికాయ బండి నుంచి డోలి పాట దాకా.. ఎలా పెట్టుకోవాలంటే?

తెలంగాణలో వేసవి సెలవులంటే ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా. 2024లో, 2025లో ఇదే షెడ్యూల్. లెక్కేస్తే 49 రోజులు. హైదరాబాద్ పిల్లలకైతే ఈత, డ్రాయింగ్, డ్యాన్స్, రోబోటిక్స్ అంటూ గల్లీకో సమ్మర్ క్యాంప్ ఉంటుంది. మరి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, అడవి అంచున ఉన్న దమ్మపేట మండలం సంగతేంటి?

ఇక్కడ చాలా ఇళ్లలో అమ్మానాన్నలు తెల్లవారకముందే తునికాకు కోతకో, పామాయిల్ తోటల్లో పనికో వెళ్లిపోతారు. ఇంట్లో మిగిలేది పిల్లలు, ఒక ఫోన్. ఫోన్ బోర్ కొడితే చెరువు. తల్లిదండ్రుల భయం కూడా అదే. అయితే క్యాంప్ కోసం ఖమ్మమో, హైదరాబాదో పోనక్కర్లేదు. నేర్పేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. కావాల్సిన సామాను కూడా దాదాపు ఇక్కడే దొరుకుతుంది.

సిటీలో ఎలా చేస్తారు?

ఢిల్లీలో 1956లో మొదలైన బాల భవన్ ఆలోచన చాలా సింపుల్. పరీక్షలు, మార్కులు లేకుండా పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాల భవన్ కూడా అదే దారిలో సంగీతం, బొమ్మలు, నాటకం లాంటివి నేర్పిస్తోంది. జీహెచ్ఎంసీ ఏటా ఎండాకాలంలో నామమాత్రపు ఫీజుతో ఆటల శిక్షణ శిబిరాలు పెడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయాలు వేసవి విజ్ఞాన శిబిరాలు నిర్వహిస్తాయి.

వీటి నుంచి పల్లె నేర్చుకోవాల్సినవి మూడే. ఖర్చు తక్కువ ఉండాలి. ఎండ ముదరకముందే అయిపోవాలి. ఇంటికెళ్లేటప్పుడు పిల్లాడి చేతిలో తాను చేసిన వస్తువు ఒకటి ఉండాలి.

ఈ సెలవులు ఇక్కడ ఎందుకంత ముఖ్యం?

ఏజెన్సీ ప్రాంతంలో చాలామంది ఆదివాసీ పిల్లలు ఏడాదంతా ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉంటారు. తాత, నాయనమ్మల పక్కన వరుసగా అన్ని రోజులు గడిపే అవకాశం వాళ్లకు ఎండాకాలంలోనే వస్తుంది. బుట్ట అల్లడం, ఆకు కుట్టడం, పాట పాడటం పుస్తకం చూసి వచ్చేవి కావు. పక్కన కూర్చుని చూడాలి, చేయాలి, తప్పు చేసి మళ్లీ చేయాలి. ఈ 49 రోజులు పోతే మళ్లీ వచ్చే ఏడాదే.

సకిని రామచంద్రయ్య పేరు గుర్తుందా? మణుగూరు మండలం కూనవరానికి చెందిన ఈ కోయ కళాకారుడికి 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలి వాయిస్తూ ఆదివాసీ వీరుల గాథలు, సమ్మక్క సారలమ్మ కథ పాడేవారు. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. అలాంటి పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే, వాళ్ల దగ్గర కూర్చుని విన్న పిల్లలు ఎంతమంది ఉన్నారన్నదే అసలు ప్రశ్న.

ఏ నెలలో ఏముంటుంది?

మార్చి, ఏప్రిల్: ఇప్పపువ్వు కాలం. తెల్లవారుజామున రాలిన పువ్వును ఏరి ఎండబెడతారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఈ పువ్వుతోనే లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఒక్క జాగ్రత్త.. ఏరడం ఈజీ అవుతుందని చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టొద్దు. అడవి అంటుకునేది అక్కడి నుంచే.

శ్రీరామనవమి: భద్రాచలంలో మిథిలా స్టేడియంలో సీతారాముల కల్యాణం. ఈ కల్యాణం తలంబ్రాల కోసం గోదావరి జిల్లాల్లో భక్తులు వడ్లను గోటితో ఒలుస్తారు. చిన్నా పెద్దా కలిసి కూర్చుని చేసే పని ఇది.

ఏప్రిల్, మే: తాటి ముంజలు, మామిడికాయలు, తునికాకు. 50 ఆకులు పేరిస్తే ఒక కట్ట. చిన్నపిల్లలకు లెక్కలు నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

మే, జూన్: కోయల భూమి పండుగ. విత్తనాలు వేసే ముందు చేసుకునే ఈ పండుగను విజ్జ పండుం అని కూడా అంటారు. మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు రోడ్డు మీద ఆడుతూ పాడుతూ వచ్చేపోయే వాళ్లను ఆపి చందా అడుగుతారు. బండి ఆపితే విసుక్కోకుండా, పక్కనున్న పిల్లలకు ఆ పండుగేంటో చెప్పండి.

ఊళ్లోనే చేయగలిగే 5 వర్క్‌షాప్‌లు ఇవే..

1. తాటికాయ బండి: ముంజలు తినేశాక మిగిలిన రెండు కాయలే చక్రాలు. మధ్యలో గట్టి పుల్ల గుచ్చాలి. చివర పంగ ఉన్న కర్రతో తోస్తే బండి రెడీ. తాటాకుతో బూర, గిరక కూడా చేయొచ్చు. ఆరేళ్ల పిల్లలకు బాగా నచ్చుతుంది. కాయ కొట్టే పని మాత్రం పెద్దవాళ్లదే.

2. మోదుగాకు విస్తరి: ఆకులను ఒకదాని అంచు మీద మరొకటి పెట్టి సన్నటి పుల్లలతో కుట్టాలి. మొదటి విస్తరి వంకరగానే వస్తుంది, పర్లేదు. చివరి రోజు అందరూ తాము కుట్టిన విస్తట్లోనే భోజనం చేస్తే ఆ ఆనందమే వేరు.

3. వెదురు అల్లిక: కత్తితో బద్దలు చీల్చడం నేర్పేవారే చేయాలి. అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి బద్దలను నున్నగా చేసి, కాసేపు నీళ్లలో నానబెట్టి ఇవ్వాలి. పదేళ్లు దాటిన పిల్లలు చిన్న బుట్ట అడుగు అల్లగలరు. బుట్ట పూర్తికావడానికి మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. తొందరపెట్టొద్దు.

4. విత్తన బంతులు: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. నీళ్లు చిలకరించి కలిపి, నిమ్మకాయంత ఉండలో ఒకటి రెండు గింజలు పెట్టాలి. నీడలో ఆరబెట్టాలి. తొలకరి పడ్డాక ఖాళీ గుట్టల మీద వేయాలి. చింత, కానుగ గింజలు నిల్వ ఉంటాయి. వేప గింజ మాత్రం ఎక్కువ రోజులు ఆగదు, రాలిన కొద్ది రోజుల్లోనే వాడేయాలి.

5. పాట, కథ, రికార్డింగ్: పిల్లల చేతిలోని ఫోన్‌కు ఇక్కడ మంచి పని దొరుకుతుంది. పెద్దలను ఒక కథ అడగాలి. వాళ్లు ఒప్పుకుంటేనే రికార్డ్ చేయాలి. పేరు, ఊరు, తేదీ రాసుకోవాలి. కొన్ని పాటలు కొలుపుల్లో, పండుగలో తప్ప పాడరు. వద్దంటే వద్దు. రీల్ కోసం బలవంతం చేయొద్దు.

క్యాంప్ పెట్టాలంటే ఏం కావాలి?

స్థలం: బడి వరండా, పంచాయతీ ఆఫీసు, లేదంటే పెద్ద చింతచెట్టు నీడ. బడి అయితే హెడ్‌మాస్టర్ పర్మిషన్ ముందే తీసుకోవాలి.

టైమ్: ఉదయం 6.30 నుంచి 9.30. తునికాకు కోతకు వెళ్లిన తల్లులు ఇంట్లో లేని టైమ్ కూడా సరిగ్గా ఇదే. అంటే క్యాంప్ పిల్లల కాపలా కూడా అవుతుంది.

మనుషులు: 15 మంది పిల్లలకు కనీసం ఇద్దరు పెద్దవాళ్లు. మహిళా సంఘం సభ్యులు వారానికి ఒక్కో రోజు చొప్పున వంతులు వేసుకుంటే ఎవరికీ కూలి ఎక్కువగా పోదు. సెలవులకు ఇంటికొచ్చిన డిగ్రీ, ఇంటర్ పిల్లలను కలుపుకోవచ్చు.

డబ్బులు: నేర్పే పెద్దలకు ఆ రోజు కూలి ఇవ్వాల్సిందే. తాత కదా, ఊరికే చెప్తాడులే అనుకోవద్దు. సిటీలో కోచ్‌కు ఫీజు ఇచ్చినప్పుడు ఇక్కడ బుట్ట అల్లే చేతికి ఎందుకివ్వరు? ఇంటికి కొంత వేసుకున్నా సరిపోతుంది.

ఒక రోజు టూర్ ఎక్కడికి?

భద్రాచలం ఐటీడీఏ ప్రాంగణంలో గిరిజన మ్యూజియం ఉంది. ఆదివాసీల పనిముట్లు, ఇంటి సామాన్లు, వాయిద్యాలు చూడొచ్చు. బుట్ట అల్లిన పిల్లాడికి అక్కడి బుట్ట వేరేలా కనిపిస్తుంది. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో డ్యామ్, జింకల పార్కు ఉన్నాయి. ఇంకా దగ్గర్లో కావాలంటే దమ్మపేట మండలంలోనే అప్పారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీ, పక్కనే అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల. ముందే పర్మిషన్ అడిగి వెళ్తే తోటలో గెల ఇంట్లో నూనె ఎలా అవుతుందో పిల్లలకు అర్థమవుతుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి..

కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్తేం కాదు. 11 గంటల నుంచి 4 గంటల వరకు పిల్లలను బయట తిప్పొద్దు. క్యాంప్‌లో మంచినీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, వాంతులవుతుంటే వడదెబ్బ కావొచ్చు. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ 108కి కాల్ చేయాలి. స్పృహ లేని పిల్లలకు నోట్లో నీళ్లు పోయొద్దు.

చెరువు, వాగు, బావి దగ్గరికి పెద్దవాళ్లు లేకుండా పంపొద్దు. ఈత వచ్చిన పిల్లలు కూడా మట్టి తవ్విన గుంతల్లో మునిగిపోతారు. పైకి నీళ్లు తక్కువగా కనిపించినా లోతు తెలియదు. ఎవరైనా మునుగుతుంటే పిల్లలు దూకొద్దు. కర్రో, తాడో, చీరో అందించి గట్టిగా కేకలు వేయాలని క్యాంప్ మొదటి రోజే నేర్పించాలి.

జూన్ 12న బడి తెరవగానే సెలవుల్లో ఏం చేశావని టీచర్ అడుగుతారు. అప్పుడు బ్యాగులోంచి తీసి చూపించడానికి వంకర బుట్టో, ఫోన్‌లో దాచుకున్న తాత పాటో ఉంటే చాలు. ఆ క్యాంప్ సక్సెస్ అయినట్టే.