చింతపులుపు చుట్టరికము

గోదావరి యొడ్డునగల ధర్మపురి ప్రాంతమున పచ్చిపులుసు నెఱుగని యిల్లుండదు. ఆ రుచి మరగి, వైద్యవిద్యకై ఫిలిప్పీన్సు దీవులకు పోయిన తెలుగు విద్యార్థికి, అచ్చటి చిన్న పూటకూటియింట చింతపులుపు మరల ఎదురగును. అట్టి యింటిని ‘తురో-తురో’ యందురు. ‘తురో’ యనగా వ్రేలితో చూపుట. వరుసగా నుంచిన గిన్నెలలో కోరినదానిని చూపిన చాలును, వడ్డింతురు. భాష రానివాని కిది యెంత మేలు!

అందు ‘సినిగాంగ్’ అనునది పులుసు. పచ్చిపులుసును పొయ్యిమీద పెట్టరు. దీనినో, చింతకాయల రసమున చేపలనో, రొయ్యలనో, పందిమాంసమునో చేర్చి, ముల్లంగి, తూటికూరలతో కాచెదరు. తాలింపుండదు. అయినను అన్నములోనికి మిక్కిలి హితవుగా నుండును.

శాకాహారి మాత్రము వ్రేలు చూపుటకు ముందే అడిగి తెలిసికొనవలయును. ‘పినక్బెత్’ చూపునకు కాకర, బెండ, వంకాయల కూరయే; దానికి రుచి నిచ్చునది పులియబెట్టిన రొయ్యల ముద్దయో, చేపల ముద్దయో.